మేక కట్టిన ఓడ

మా కారియాకూ దీవిలో ఇంతవరకూ నీళ్ళలోకి దిగిన ఓడలన్నిటిలోకీ గొప్ప ఓడని కట్టింది ఒక మేక.

సరే, కొంచెం వెనక్కి తగ్గుతాను. మేక బాడిస పట్టలేదు. చెక్కకి చిత్రిక పట్టలేదు. అన్నిటిలోకీ గొప్ప ఓడ అన్న మాట కూడా పక్క దీవి పెటీ మార్టినీక్ వాళ్ళు ఒప్పుకోరు. సూర్యుడు తూర్పున పొడుస్తాడని మేమంటే వాళ్ళు అదీ ఒప్పుకోరనుకోండి. కానీ ఆ మేక లేకపోతే ఆ ఓడ లేదు. ఆ ఓడ లేకపోతే ఎజెలీన్ మాక్ఫీ అనే మనిషి గురించి నేను రాయడానికేమీ లేదు. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ అనన్సియాటా అబద్ధానికి మూడు బెత్తం దెబ్బల చొప్పున నా అరచేతులకి నిజం నేర్పింది. కాబట్టి ఇందులో మూడు దెబ్బలకి మించిన అబద్ధం ఉండదు.

ముందు మాక్ఫీల సంగతి. మా దీవికి తెల్లవాళ్ళలో అందరికంటే ముందు వచ్చింది తాబేళ్ళు పట్టుకునే ఫ్రెంచివాళ్ళు. తరవాత పత్తి వచ్చింది, పత్తి ఏరడానికి సంకెళ్ళతో మా ఆఫ్రికా తాతల్ని తెచ్చారు. పత్తి పోయాక నిమ్మతోటలు. ఆ మధ్యలో ఎక్కడో స్కాట్లాండు నుంచి ఎజెలీన్ ముత్తాత ఓడల వడ్రంగిగా దిగాడు. దిగిన నెలకే ఆయనకి ఇంటి మీద బెంగ పట్టుకుంది. తిరిగి వెళ్ళిపోదామని తనకోసం ఒక ఓడ కట్టుకున్నాడు. అది ఎంత బాగా కుదిరిందంటే, ఒడ్డు మీద ఉండగానే ఎవరో కొనేశారు. రెండోది కట్టాడు, అదీ పోయింది. పదకొండో ఓడ పూర్తయ్యేసరికి ఆయనకి ఇక్కడి పిల్ల భార్య అయింది, ఏడుగురు పిల్లలు పుట్టారు, స్కాట్లాండు ఏ వైపుందో మరిచిపోయాడు. మా విండ్వర్డ్ ఊళ్ళో సగంమంది ఆయన బెంగకి పుట్టినవాళ్ళే.

ఎజెలీన్ తండ్రి డూగల్ ఆ వంశంలో ఆఖరి పెద్ద వడ్రంగి. ఆయన కాగితం మీద గీత గీసి ఎరగడు. కొండ మీదకెళ్ళి, గాలికి వంగి పెరిగిన దేవదారు చెట్ల మధ్య రోజంతా తిరిగేవాడు. "ఇది పక్కటెముక, ఇది ముక్కు, ఇది దేనికీ పనికిరాదు, ఆర్నెల్ లాంటిది" అని చెట్లకి గాట్లు పెట్టేవాడు. ఆర్నెల్ అంటే నేనే. ఆయన దగ్గర చెక్కల సందుల్లో నూలు కుక్కే పని నాది. ఓడ కడుపు కింద వెల్లకిలా పడుకుని, ఉలితో నూలు లోపలికి తోసి, పైన మందంగా లప్పం పెట్టాలి. ఒళ్ళు వంచక్కర్లేని పని అని మా అమ్మ నన్నందులో పెట్టింది.

పెద్ద తుపాను వచ్చిపోయిన రెండో ఏడు. సగం ఓడలు ముక్కలైపోయాయి కనక వడ్రంగులకి ఊపిరాడడం లేదు. కెప్టెన్ లెమ్యుయెల్ క్వాషీ డూగల్ దగ్గరికి వచ్చి, నలభై అడుగుల ఓడ కావాలన్నాడు. డూగల్ సరేనన్నాడు. సరే అనకూడని స్థితిలో సరేనన్నాడని అప్పుడు ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు.

ఆయన కళ్ళు పోతున్నాయి. పాల మీద మీగడ కట్టినట్టు రెండు కళ్ళకీ పొర కమ్మేసింది. చేతికి దగ్గరున్నది తడిమి చెప్పగలడు. ఆయన అరచేయి చెక్క మీద ఒకసారి జారిందంటే వెంట్రుకవాసి ఎత్తు కూడా దొరికిపోతుంది. కానీ ఓడ వంపు చేతికి అందేది కాదు. ముక్కు నుంచి తోక దాకా ఆ గీత ఎక్కడా తడబడకుండా సాగిందో లేదో, దూరంగా నిలబడి చూడాలి. ఆ చూపే లేదు.

"ఈ ఒక్క ఓడ నీళ్ళలో నిటారుగా నిలబడనియ్యమ్మా" అన్నాడట కూతురితో. "ఆ తరవాత నా అంతట నేనే బాడిస దించేస్తా. గుడ్డివాడని ఊళ్ళోవాళ్ళు నా చేతిలోంచి లాక్కోకూడదు. అంతే."

ఎజెలీన్‌కి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పుట్టినప్పటి నుంచి ఓడల మధ్యే పెరిగింది గానీ ఒక్క మేకు కొట్టి ఎరగదు. ఓడ కడుతున్నంత కాలం ఆడమనిషి అడుగుదూలం దాటకూడదని మా వాళ్ళ పట్టింపు. దాటితే ఓడ మొదటి గాలికే తిరగబడుతుందట. అందుకని ఓడ చుట్టూ పదిహేను అంగల దూరంలో శంఖుగుల్లలు వరసగా పేర్చి పెట్టేవారు. ఆడవాళ్ళు తండ్రికి కోకో నీళ్ళు తెచ్చినా, మొగుడికి అన్నం తెచ్చినా, ఆ గుల్లల అవతలే నిలబడి కేకేయాలి. అలా ఎజెలీన్ ఇరవై ఏళ్ళపాటు పదిహేను అంగల దూరం నుంచే ఓడల్ని చూసింది. ఓడ గీత సరిగ్గా కనపడేది ఆ దూరం నుంచే. లోపలున్న మగవాళ్ళకి ముక్కు కనిపిస్తే తోక కనపడదు. ఈ సంగతి గుల్లలు పేర్చినవాళ్ళెవరికీ తట్టలేదు.

ఆమెకో నల్ల మేక ఉండేది. పేరు మదామ్. ఊళ్ళో పెళ్ళికాని ఆడవాళ్ళకంటే దానికే టెక్కెక్కువ. రోజూ పొద్దున్నే దాన్ని తోలుకొచ్చి గుల్లల అవతల కట్టేసి, పక్కన కూర్చుని కందికాయలు వలుస్తూ, ఎజెలీన్ దాన్ని సాయంత్రం దాకా తిడుతూ ఉండేది.

"మదామ్! పొట్ట చూడవే, ఎడంపక్క ఎలా ఉబ్బిందో! తగ్గించుకోవూ!"

లోపల డూగల్ గొంతు సవరించుకుని, "ఎడంపక్క మూడో చెక్క, రెండు చిత్రికలు పట్టండి" అనేవాడు.

"ఏమే, తోక వేలాడేశావేం? ఎత్తు, ఇంకొంచెం ఎత్తు! ఆ, చాలు. రాణీగారనుకుంటున్నావా మరీ అంత ఎత్తుతావ్!"

"వెనకవైపు ఒక వేలు పైకి లేపండి. వేలన్నాను, జాన కాదు."

పనివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. "పాపం, పెళ్ళి కాకపోతే ఇంతే. మేకతో కాపరం" అనేవాళ్ళు. నేనూ నవ్వాను. అయితే నేను వెల్లకిలా పడుకుని పని చేసేవాణ్ణి కదా, ఓడ కడుపు కింద నుంచి నాకు అటువైపు ఎజెలీన్, ఇటువైపు డూగల్ కాళ్ళు ఒకేసారి కనిపించేవి. ఒకరోజు "మదామ్, కుడివైపు పోయావంటే కాళ్ళు విరగ్గొడతా!" అని ఆమె అరిచిన క్షణంలో మదామ్ కళ్ళు మూసుకుని, గడ్డం నేలకానించి, హాయిగా నిద్రపోతోంది. డూగల్ మాత్రం కుడివైపు వెళ్ళబోతున్న పనివాడి బాడిసని ఒక్క కేకతో ఆపాడు.

నూలు కుక్కడం ఆపి ఆలోచించాను. నాకు ఆలోచన రావడానికి టైం పడుతుంది, వచ్చిందంటే మాత్రం పోదు.

సాయంత్రం ఆమె మేకని తోలుకుపోతుంటే దారిలో కలిశాను. "ఎజెలీన్, మీ మేకకి ఓడల పని బాగా తెలిసినట్టుందే" అన్నాను.

ఆమె ఆగింది. అటూ ఇటూ చూసింది.

"ఆర్నెల్, నీ నోట్లో ఎన్ని పళ్ళున్నాయి?"

"ముప్పై. ఎందుకు?"

"వాటి సందుల్లో నూలు కుక్కి లప్పం పెడతా. ఓడ నీళ్ళలోకి దిగేదాకా నీ నోరు తెరుచుకుందని తెలిసిందో, చూస్కో."

"నేనెవరికి చెప్తాను? మేకకి చెప్పినా అది మళ్ళీ మీ నాన్నకి చెప్తుంది" అన్నాను.

ఆమె నవ్వలేదు. కానీ వెళ్ళేటప్పుడు ఒక గుప్పెడు కందికాయలు నా జేబులో పోసి వెళ్ళింది. నోరు మూసుకున్నందుకు నాకు దొరికిన మొదటి కూలి అదే.

మర్నాటి నుంచి ఆ తిట్లు వింటే నాకు సంగీతం విన్నట్టుండేది. "నడుం సన్నగా ఉండాలే, పీపాలా కాదు!" అని ఆమె అంటే, వారం తిరిగేసరికి ఓడకి నడుం వచ్చేది. తొమ్మిది నెలలకి ఓడ ఒడ్డు మీద నిలబడింది. దాని వంపు చూసి ఊళ్ళో ముసలి నావికులు టోపీలు తీశారు. నిజానికి ఒక ముసలాయన ఏడ్చాడు కూడా. ఆయన పొద్దున్నే మొదలుపెట్టే రకం, మా దీవి రమ్ములో మంచుముక్క వేస్తే తేలదు, మునుగుతుంది. ఆ ఏడుపుని నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

ఇక ఓడని దింపే రోజు.

మా దగ్గర ఓడని దింపడమంటే పెళ్ళి, జాతర, బాప్తిస్మం మూడూ కలిపి ఒకే పగట్లో చేసినట్టు. ఫాదర్ వచ్చి పవిత్రజలం చల్లుతాడు. ఆయన అటు తిరగ్గానే ముసలమ్మలు నాలుగు మూలలా బియ్యం, రమ్ము చల్లుతారు. ఆయనకీ తెలుసు, అటు తిరగడం అందుకే. ఓడకి పేరుపెట్టే తల్లి, తండ్రి ఉంటారు. పేరు మీద గుడ్డ కప్పి ఉంచుతారు. ఓడ ముందు కొయ్యకి కాగితం పూలూ ఆకులూ కలిపి దండ వేస్తారు. పక్కనే ఇరవై గుండిగల్లో మొక్కజొన్న ముద్ద, కందులు, మాంసం ఉడుకుతుంటాయి.

అసలు గండం ఓడని పడుకోబెట్టడం. అప్పటిదాకా అది రెండు పక్కలా ఊతదుంగల మీద నిటారుగా నిలబడి ఉంటుంది. కుడిపక్క మూడు దుంగల్నీ గొడ్డళ్ళతో కొంచెం కొంచెం తెగ్గొడుతూ, ఓడని ఆ పక్కకి ఒరిగించి, కింద పరిచిన కొబ్బరి మొద్దుల మీద పడుకోబెట్టాలి. అప్పుడు ఊరంతా మోకు పట్టి సముద్రంలోకి లాగుతారు. ఏ దుంగ ఎప్పుడు, ఎన్ని దెబ్బలు, ఇదంతా పెద్ద వడ్రంగి దూరంగా నిలబడి చూసి చెప్పాలి. ఒక్క దెబ్బ ముందైనా, వెనకైనా ఓడ మెలిక తిరిగి దబ్బున పడుతుంది. తొమ్మిది నెలల పక్కటెముకలు పటపటా విరుగుతాయి. దాంతో వడ్రంగి పేరూ విరుగుతుంది.

డూగల్ ఆదివారం కోటు వేసుకుని తన చోట నిలబడ్డాడు. ముగ్గురు గొడ్డళ్ళ వాళ్ళు దుంగల దగ్గర సిద్ధంగా ఉన్నారు. పెటీ మార్టినీక్ వాళ్ళు కూడా రెండు పడవల నిండా దిగారు, ఓడ విరిగితే చూసి ఆనందించాలని. డూగల్ గట్టిగా, ముందు అనుకున్నట్టే, "ఎజెలీన్! నీ మేకని అదుపులో పెట్టుకో, పని జరగాలి!" అన్నాడు.

ఎజెలీన్ పక్కకి చూసింది. మేక లేదు. కట్టిన తాడు ముక్క మాత్రం ఉంది.

జరిగిందేమంటే, ఆ రెండు పడవల జనాన్ని చూసి వంటల పెత్తనం చేస్తున్న టాంటీ అర్మాంటిన్‌కి మాంసం చాలదని భయం పట్టుకుంది. ఊరందరికీ పెద్దమ్మ ఆవిడ, ఎవర్నీ అడిగే అలవాటు లేదు. కంటికి కనిపించిన మొదటి మేకని వంటల వెనక్కి ఈడ్చుకుపోయింది.

"మేక ఏం చేస్తోందమ్మా?" డూగల్ మళ్ళీ అడిగాడు.

"కనబడట్లేదు నాన్నా."

"ఏంటి ఆలస్యం?" అని కెప్టెన్ లెమ్యుయెల్ అడిగాడు. "ముసలాయనకి భయమేసింది!" అని పెటీ మార్టినీక్ వాడొకడు కూశాడు. ఎజెలీన్ నేరుగా చెప్పిందంటే ఊరంతటికీ తెలిసిపోతుంది, తండ్రి కళ్ళు ఎవరివో. చెప్పకపోతే ఓడ పోతుంది.

నేనప్పుడు ఓడ ముందు కొయ్య దగ్గర ఉన్నాను, నా పని ఏడు రోజుల కిందటే అయిపోయింది కనక ఉత్త చేతుల్తో. ఎలా తోచిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ దండ లాగి, నోట్లో కుక్కుకుని, నమలడం మొదలుపెట్టాను. రెండు గులాబీలు, ఒక మామిడాకు. తరవాత చేతులూ మోకాళ్ళూ నేలకానించి, ఓడ పక్కనే, ఓడ ముఖం పెట్టిన వైపే ముఖం పెట్టి, "మే... ఏ... ఏ!" అని అరిచాను.

ఆరువందల మంది నా వైపు చూశారు. సరే, నాలుగువందలు.

ఎజెలీన్ కూడా చూసింది. ఒక్క క్షణమే. తరవాత ఆమె గొంతు గుల్లల అవతల నుంచి చర్నాకోలలా వచ్చింది.

"ఓరి దొంగ మేకా! దండ తింటావురా? వంచు, వెనక కాలు వంచు! కుడిది! కొంచెమే!"

కుడి వెనక కాలు వంచాను. డూగల్ మొహంలోకి నెత్తురొచ్చింది. "వెనక దుంగ! రెండు దెబ్బలు!"

ధన్, ధన్. ఓడ మూలిగింది.

"ఆగు! కదిలావంటే కొమ్ములు పీకేస్తా!"

"ఆపండి!"

"ఇప్పుడు ముందు చెయ్యి. అది కాదురా మొద్దూ, కుడి చెయ్యి! కాన్వెంటులో చదివావు, కుడేదో ఎడమేదో నేర్పలేదా? వంచు, ఇంకా వంచు, ఇంకా..."

"ముందు దుంగ! మూడు! ఇంకొకటి!"

"చాలు! ఇప్పుడు మధ్యలో వదులు. మెల్లగా. నిద్రపోయే పిల్లని పక్కమీద వేసినట్టు పొట్ట ఆనించు నేలకి. మెల్లగా అన్నానా!"

"మధ్య దుంగ! చిన్న దెబ్బలు! చిన్నవి!"

నేను కుడిపక్కకి మెల్లగా ఒరిగాను. నా పక్కనే నలభై అడుగుల ఓడ కూడా ఒరిగింది. ఇద్దరం ఒకేసారి, ఎక్కడా చప్పుడు లేకుండా, కొబ్బరి మొద్దుల మీద దాని పొట్ట, ఇసుక మీద నా పొట్ట ఆనించి పడుకున్నాం. ఒక్క చెక్క కూడా కిర్రుమనలేదు.

జనం గోల ఆకాశాన్నంటింది. "వీడికి పొద్దున్నే రమ్ము పోసిందెవర్రా?" అని ఒకడు. "ఆ పిల్ల వీణ్ణి తిట్టడం చూశారా, పెళ్ళయిన ఇరవై ఏళ్ళకి తిట్టాల్సిన తిట్లు!" అని ముసలమ్మలు. పెటీ మార్టినీక్ వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు, అయితే అది నాకు, ఓడకి కాదన్నారు. తరవాత కప్పీలు బిగించి, మోకు పట్టి, పాట అందుకుని, అందరం లాగాం. పొద్దు వాలకముందే ఓడ నీళ్ళలో నిటారుగా నిలబడింది. చెక్కల సందుల్లోంచి ఒక్క చుక్క లోపలికి రాలేదు. ఆ మాటైనా నా గొప్పగా చెప్పుకోనివ్వండి.

డూగల్ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచి, ఓడ పక్కన అరచేయి ఆనించి, చాలాసేపు నిలబడ్డాడు. నవ్వుతూనే ఉన్నాడు.

నేను మాత్రం వంటల వెనక్కి పరిగెత్తాను. మదామ్ చెట్టుకి కట్టేసి ఉంది. టాంటీ అర్మాంటిన్ కత్తి నూరుతోంది.

"టాంటీ, ఆ మేకని వదిలెయ్. నా రెండు పుంజుల్నీ ఇస్తా."

"ఇప్పుడే పట్టుకుపో నాయనా! నేను కత్తి వెతుక్కునేలోపు నా ఏప్రన్ సగం తినేసింది. ఇలాంటి దాన్ని కూరొండితే లోపల్నుంచి మనల్నే తింటుంది."

మేకని తోలుకొచ్చి ఎజెలీన్‌కి అప్పగించాను. ఆమె దాని మెడ కావిలించుకుని, నన్ను చూసి, "నీ పళ్ళలో గులాబీ రేకుంది" అంది. అంతకంటే మంచి మాట నాతో అంతకుముందు ఎవరూ అనలేదు, ఆ తరవాతా అనలేదు.

ఆ సాయంత్రం అందరూ తింటుండగా కెప్టెన్ లెమ్యుయెల్ డూగల్ పక్కన కూర్చున్నాడు. "పెద్దాయనా, మా తమ్ముడికి ఇంకో ఓడ కావాలి" అన్నాడు.

"నేను బాడిస దించేశాను కెప్టెన్. ఇదే ఆఖరు."

కెప్టెన్ పళ్ళెంలోని కందులు పూర్తిగా తిని, వేళ్ళు నాక్కుని, ఎజెలీన్ వైపు చూశాడు.

"నిన్నెవరడిగారు? నేను అడుగుతున్నది మేకని."

డూగల్ పగలబడి నవ్వాడు, పళ్ళెం కింద పడేంతగా. ఆ నవ్వుతోనే తన బాడిస తీసి కూతురి ఒళ్ళో పెట్టాడు. మర్నాడు ఎవరో ఆ శంఖుగుల్లలు ఏరి, ఎజెలీన్ ఇంటి ముందు పూలమొక్కల చుట్టూ పేర్చారు. ఎవరో అంటే, అందులో నేనూ ఉన్నాను. ఆ తరవాత ఆమె ఏడు ఓడలు కట్టింది. ఎనిమిదో ఏడు నన్ను పెళ్ళి చేసుకుంది, నూలు కుక్కడానికి మనిషి కావాలని.

నిన్న ఈ కాగితాలు ఎజెలీన్‌కి ఇచ్చాను. వసారాలో కూర్చుని, కందికాయలు వలుస్తూ, మొదటి నుంచి చివరి దాకా చదివింది. మధ్యలో రెండుసార్లు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. చదవడం అయ్యాక కాగితాల్ని సమంగా సర్ది, మడిచి, నా చేతికిచ్చింది.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు" అంది. "మా నాన్న చూపు చచ్చేదాకా డేగ చూపు. ఆ ఓడ ఆయనొక్కడే కట్టాడు. మాకెప్పుడూ మేక లేదు, కోళ్ళుండేవి. ఇక నువ్వంటావా, ఆ రోజసలు ఊళ్ళోనే లేవు."